రెడ్డెప్ప గోడ, మునెప్ప గోడ

మదనపల్లె దాకా వెళ్లి హార్స్లీ హిల్స్ ఎక్కకుండా వచ్చానంటే మా తణుకులో ఒక్కరూ నమ్మడం లేదు. "మరి అన్ని రోజులు అక్కడేం చేశావు వదినా?" అని మా ఆడపడుచు నిలదీసింది. వీధులు చూశానని చెప్పాను. ఆవిడ నన్ను వదిలేసి మా ఆయన వైపు జాలిగా చూసింది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

నాకు వీధుల పిచ్చి ఉన్న మాట నిజమే. కొత్త ఊరికి వెళ్తే గుడి కన్నా, బజారు కన్నా ముందు ఏ సందు ఎక్కడ తేలుతుందో తెలియాలి. లేకపోతే నాకు అన్నం సయించదు. మా ఊరి సంగతి వేరు. కాలవ ఎటు తిరిగితే వీధి అటు తిరుగుతుంది, అందరూ వంతెన దగ్గర కలవాల్సిందే, తప్పిపోదామన్నా కుదరదు. కాలవ లేని ఊళ్లో వీధులు ఎవరి మాట వింటాయన్నది నాకు ఎప్పటినుంచో ఉన్న అనుమానం. ఈ ప్రయాణంలో అది తీరింది. తీర్చినవాళ్లంతా నాకు అన్నం పెట్టి పంపారు కాబట్టి, ఇదంతా రాయకుండా ఉండలేకపోతున్నాను.

వెళ్లింది సరోజ కోసం. తిరుపతిలో బి.ఇడి. చదివిన ఏడాది హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. తనది మదనపల్లె. తొంభైల మొదట్లో ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. అప్పుడు పాత ఊళ్లో, అంగళ్ల వీధి వెనక సందులో ఉమ్మడి ఇల్లు. సరోజనీ, ఆమె చెల్లెలు విమలనీ అన్నదమ్ములిద్దరికి ఇచ్చారు. సరోజ మొగుడు రెడ్డెప్ప, విమల మొగుడు మునెప్ప. ఒకే వంటింట్లో అక్క రాగి సంగటి కెలికితే చెల్లెలు ఊరుబిండి రుబ్బేది. ఊరుబిండంటే వేరుశనగ పచ్చడి, వాళ్లకి అది లేని పూట ఉండదు. ఊరి చివర ఒక టూరింగ్ టాకీసు ఉండేది. అది దాటితే వీళ్ల శనక్కాయల చేను. సాయంత్రం అందరం ఆ చేని గట్టు మీద నడిచాం.

ఆ తర్వాత ఉత్తరాలే. కొత్త శతాబ్దం వచ్చి నాలుగైదేళ్లయ్యాక, ఒక వేసవి మొదట్లో ఫోను చేసింది. "శారదా, ఈ తూరి గంగమ్మ జాతరకి నువ్వు రావల్ల. నాకు మోకాళ్లు పోయినాయి, నీ దగ్గరికి వచ్చేదానికి కాదు." రైల్లో కుప్పం దాకా వచ్చి, అక్కణ్ణించి బస్సులు మారుతూ రమ్మని తనే చెప్పింది. అట్లా వస్తే సీమ కొంత కనబడుతుందట.

కుప్పం

తెల్లవారుతుండగా దిగాను. స్టేషను బయట టీ కొట్టాయన నాతో తెలుగు, పక్కనున్న లారీ ఆయనతో తమిళం, పాలు తెచ్చినావిడతో కన్నడం మాట్లాడుతున్నాడు. మూడు భాషల్లోనూ ఒకటే మాట, చిల్లర లేదని.

"యాడికమ్మా పోవల్ల?"

"ఊరు చూద్దామని."

"ఊర్లో సూసేదానికి ఏముండాది? కాలేజీలు బయటికి పోయె, ఆఫీసులు బయటికి పోయె. మా పిల్లోళ్లు గూడా బయటే ఇల్లు కట్టుకోవల్లంటారు. ఈడ మిగిలింది నేనూ, ఈ రైలూ."

అయినా చూశాను. పాత కుప్పంలో ఏ సందులో దూరినా కాసేపటికి బజారులోనో రైలు కట్ట దగ్గరో తేలాను. సందులు ఇరుకే గానీ ఏదీ మోసం చేయలేదు. ఊరి బయటి కొత్త కాలనీలు అట్లా కాదు. తారు రోడ్డు వెడల్పుగా, ధీమాగా సాగి సాగి, చివరకి ఒక రాగి చేను ముందు ఆగిపోతుంది. చేలో మనిషి నావైపు చూసి నవ్వాడు. రోజూ నాలాంటివాళ్లు ఒకరిద్దరు వస్తారేమో. వెనక్కి రావడానికి ఎంత దూరం వెళ్లానో అంత దూరమూ నడవాల్సి వచ్చింది. టిఫిను వేళ దాటిపోయినా హోటలావిడ నాకోసం మళ్లీ పెనం పెట్టి కారం పూసిన దోసెలు పోసింది. రెండు దోసెలకీ కాఫీకీ కలిపి ఎంత తక్కువ తీసుకుందో చూసి, తణుకు హోటళ్ల మీద నాకు కోపమొచ్చింది.

రామకుప్పం బస్సులో

రామకుప్పం దగ్గర ఒక రైతు బీన్సు మూటతో ఎక్కి, మూట నా కాళ్ల మీద పెట్టి, తను నిలబడ్డాడు. కాసేపటికి సీటు దొరికాక క్షమాపణగా గుప్పెడు బీన్సు నా సంచిలో వేశాడు. పేరు కృష్ణప్ప. ముందు వారం ఏనుగులొచ్చి రాగి చేను తొక్కేశాయట. చెప్పేటప్పుడు గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

"నా సిన్నప్పుడు ఈడ ఏనుగుల్లేవమ్మా. ఒక తూరి ఆ పక్క అడివిలోంచి వచ్చినాయి. వచ్చిన దావ ఇంక మరిసేది లేదు. మనం ఆ దావలో కంచె యేసినా, ఇల్లు కట్టినా, దాని పక్కనే ఇంకోటి తొక్కుకోని పోతాయి. యాడా ఆగవు."

"మరి మీరేం చేస్తారు?"

"ఏం సేస్తాం, ఈ తూరి దావ వదిలేసి యేసినా. సూద్దాం."

వి.కోట దాటి పలమనేరు చేరేసరికి మధ్యాహ్నం. అక్కడ బస్సుల రొద, పాల క్యాన్ల చప్పుడు. మెస్సులో సంగటి ముద్ద పెట్టారు. నేను శ్రద్ధగా నమలడం చూసి వడ్డించే ఆవిడ పరుగున వచ్చింది. "నమలొద్దమ్మా, పులుసులో అద్ది మింగెయ్! నమిల్తే అది నీకు లొంగదు." మింగాను. లొంగింది. మా గోదావరి వాళ్లం అన్నం గురించి ఎన్ని గొప్పలు చెప్పుకున్నా, ఆ ముద్ద తిన్నాక రాత్రిదాకా ఆకలి అన్న మాటే లేదు.

పుంగనూరు

ఇక్కడ బస్సు మారాలి. ఎట్లాగూ ఆలస్యమని తెలిసి, పాత వీధుల్లోకి నడిచాను. పుంగనూరు సందులు నేను చూసినవాటిలోకెల్లా చిలిపివి. తిన్నగా పోతున్నట్టే పోయి ఏదో ఒక ఇంటి అరుగును తప్పించుకుంటూ ఒంగుతాయి. ఒక మలుపు దగ్గర చెప్పు ఉంగటం తెగింది. రెండో మలుపు దగ్గర దారి తప్పాను. బస్సు హారన్ దగ్గర్లోనే వినబడుతోంది గానీ అటు వెళ్లే సందు లేదు.

ఒకావిడ వాకిట్లో చింతకాయలు ఎండబోస్తూ కనబడింది. బస్టాండు ఎటని అడిగాను. ఆవిడ తల ఊపి, "రామ్మా" అంటూ తన ఇంట్లోకి నడిచింది. మంచినీళ్లు ఇస్తుందనుకుని వెంట వెళ్లాను. వసారాలో ఆయనెవరో చాప మీద నిద్రపోతున్నాడు. ఆయన్ని చుట్టుకుని పోయాం. వంటింట్లో ఉలవలు ఉడుకుతున్నాయి. పెరట్లో నా నడుము ఎత్తు కూడా లేని తెల్లావు ఒకటి మమ్మల్ని చూసి పక్కకి జరిగింది. దానికి అలవాటే. ఆవిడ పెరటి తలుపు తీసింది. ఎదురుగా బస్టాండు!

"మీ ఇంట్లోంచా దారి?"

"అందురూ పోతారమ్మా ఇట్లే. సుట్టుకోని పోవాలంటే శానా దూరం కదా."

"తలుపు వేసుకోరా మరి?"

"రాత్రి యేస్తాం."

చేతిలో ఇన్ని బొరుగులు, అంటే మన మరమరాలే, పెట్టి, చెప్పు ఉంగటానికి తన కొంగుకున్న పిన్నీసు తీసిచ్చింది. పేరు అడిగేలోగా బస్సు కదిలింది. ఆ పిన్నీసుతోనే మదనపల్లె చేరాను. మా ఊళ్లో ఎవరైనా కొత్తవాళ్లు మా వంటింట్లోంచి నడిచిపోతే నేను పోలీసుల్ని పిలుస్తాను. అది తలుచుకుని సిగ్గు పడ్డాను.

మదనపల్లె

నాకు తెలిసిన ఊరు లేదు. అంటే ఉంది, మధ్యలో చిక్కుకుపోయి ఉంది. టూరింగ్ టాకీసు పోయింది. టమాటా మండీలు, వాటికి పెట్టెలు కొట్టే షెడ్లు, పెళ్లి మంటపాలు, వాటన్నిటి అవతల సున్నం కొట్టిన రాళ్లు పాతిన లేఅవుట్లు. ఆటో ఆయన్ని రెడ్డెప్ప లేఅవుట్ అని అడిగితే, "రెడ్డెప్పదా, మునెప్పదా? బాగా సెప్పండమ్మా, ఒకదాంట్లోకి పోతే ఇంకోదాంట్లోకి పోయేదానికి కాదు" అన్నాడు.

ఆ మాటకి అర్థం సరోజ ఇంటికి చేరాక తెలిసింది. నేను నడిచిన శనక్కాయల చేనే అది. అన్నదమ్ములు పంచుకున్నారు. బోరు ఎవరి వాటాలోకి రావాలన్న దగ్గర మాట పెరిగింది, పెరిగి మాటలే ఆగిపోయాయి. రెడ్డెప్ప తన సగంలో లేఅవుట్ వేసి, హద్దు మీద మనిషి కన్నా ఎత్తు గోడ కట్టాడు. ఆయన గోడకి నా ఇల్లు ఆనుకోవడమేమిటని మునెప్ప, జానెడు ఎడం వదిలి, తనూ ఒక గోడ కట్టాడు. ఇద్దరి వీధులూ ఆ గోడల దగ్గరికొచ్చి ఆగిపోయాయి. ఊరంటే పటాల్లో గీసుకుని, కొలుచుకుని పెరుగుతుందని నేను పిల్లలకి ఏళ్ల తరబడి చెప్పాను. ఇక్కడ చూస్తే ఎవరి చేను వాళ్లు కోసుకుని, ఎవరి దారి వాళ్లు వేసుకుని, పక్కవాడి దారితో కలవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అన్నదమ్ములు కాకపోయినా అంతేనట, ఆ వరసన ఉన్న లేఅవుట్లన్నీ మెయిన్ రోడ్డుకే నోరు తెరుచుకుని ఉన్నాయి.

సరోజ ఇల్లు వీధిలో ఆఖరిది. విమల ఇల్లు గోడ అవతల, కాస్త పక్కగా. పిలిస్తే పలికేంత దూరం. కాళ్లతో వెళ్లాలంటే ఈ లేఅవుట్ అంతా నడిచి, మెయిన్ రోడ్డు ఎక్కి, పెట్టెల షెడ్లూ పెట్రోలు బంకూ దాటి, ఆ లేఅవుట్లో దూరి మళ్లీ ఇంత దూరమూ వెనక్కి రావాలి.

"పైన మిద్దె మీద మాట్లాడుకుంటా ఉంటిమి" అంది సరోజ. "సాయంత్రమయితే నేను ఈ మిద్దె ఎక్కేది, అది ఆ మిద్దె ఎక్కేది. బట్టలు తీస్తా తీస్తా చీకటి పడిందాకా మాట్లాడుకునేది. ఇప్పుడు మెట్లు ఎక్కేదానికి కాలేదు."

"ఫోనుంది కదే."

"ఫోన్లో మొగం కనపడ్తాదా? ఆటో ఎక్కల్లంటే ప్రాణం పోతాది. పోయి వస్తే ఈయన ఆ రాత్రి అన్నం ముట్టడు."

నూనె గిన్నె అందుకుని మోకాళ్లకి రాసుకుంది. తర్వాత చెప్పింది. "జాతర అని పిలిచినా గానీ, నా కోరిక ఒకటే శారదా. నాకు నా చెల్లెలింటికి నేలమీద నడిచిపోయే దావ కావల్ల."

గోడ అవతల

జాతరంటే ఇక్కడ కరగం. పూజారి పూల కలశాన్ని తలమీద పెట్టుకుని ఊరంతా తిరుగుతాడు, ముందు డప్పులు, వెనక జనం. ఎత్తిన కరగాన్ని దారిలో దించరు. ఇంకో నియమం, వెళ్లిన వీధిలోంచి వెనక్కి మళ్లరు. ఊరిని చుట్టుకుంటూ ముందుకే పోవాలి. పాత ఊరిలో ఈ నియమంతో ఎవరికీ ఇబ్బంది లేదు, ఏ సందైనా ఇంకో సందులో కలుస్తుంది. లేఅవుట్ల వాళ్లకి వచ్చింది కష్టం. ఇళ్లు కట్టుకున్న నాటినుంచీ గంగమ్మ వాళ్ల వాకిళ్లకి రాలేదు.

నేను వెళ్లిన మర్నాడు జాతర పెద్ద చలపతప్ప, బట్టల కొట్టు ఆయన, కరగం తిరిగే దారి చూసుకోవడానికి వచ్చాడు. వీధి చివర గోడ ముందు నిలబడి, "రెడ్డెప్పా, అమ్మ వచ్చేదానికి దావ ఉండాది. పోయేదానికి యాడుండాది?" అన్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్లంతా రెడ్డెప్పని చూశారు. ఆయన గోడని చూశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర రెడ్డెప్ప, ఎవరితోనూ కాదన్నట్టు, "నా గోడ నాది. కొట్టల్లంటే కొడ్తా. ఆ పక్క గోడ సంగతి నాకు తెలీదు" అన్నాడు.

"మునెప్పగారికి చెప్పమంటారా?" అని అడిగాను.

"నేను సెప్పమన్లేదు టీచరమ్మా. పొద్దున నడకకి పోతారు కదా. నోరు మీది, కాళ్లు మీవి."

పొద్దున్నే మెయిన్ రోడ్డు చుట్టి వెళ్లాను. విమల నన్ను చూడగానే చేతులు పట్టుకుని, "అక్క ఎట్లుండాది? నడస్తాండాదా? చిక్కిపోయిందా?" అని ఊపిరాడకుండా అడిగింది. అక్క ఇంటి దొడ్డి గోడకి ఇంత దగ్గర్లో ఉన్న మనిషి, తణుకు నుంచి వచ్చిన నన్ను అక్క కబురు అడుగుతోంది. రాగి జావ పోసింది. ఉల్లిపాయలు నంజుకుని తాగాను.

మునెప్ప విన్నాడు. అన్న కన్నా నెమ్మది మనిషి, మొండితనం మాత్రం ఒకే పాలు. "వదినమ్మ కోసరమైతే నేను ఎప్పుడో కొట్టుందును. అడిగినోళ్లు లేరు."

"ఇప్పుడు అడిగినట్టే అనుకోండి."

"అట్లయితే నా గోడ నేను కొడ్తా. జాతర పొద్దున. ఆయన గోడ జోలికి మాత్రం నేను పోను."

గాల్లో తేలుతూ తిరిగొచ్చాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. గోడ ఎక్కడ కొట్టాలన్న మాట వాళ్లూ ఎత్తలేదు, నాకూ తట్టలేదు. వీధుల పిచ్చి ఉన్నదాన్ని, నాకు తట్టకపోవడమే విడ్డూరం.

జాతర నాడు

పొద్దున్నే రెడ్డెప్ప గడ్డపార తీసి తన వీధి చివర గోడ మీద మొదలుపెట్టాడు. ఇరుగుపొరుగు చెయ్యేశారు. ఎండ ఎక్కేసరికి కరగం పట్టేంత బారు తెరుచుకుంది. సరోజ కుర్చీలో కూర్చుని ఆ తెరిపి వంకే చూస్తోంది. దుమ్ము తగ్గింది. తగ్గాక కనబడింది, జానెడు అవతల మునెప్ప గోడ, ఒక్క ఇటుక కదలకుండా.

రెడ్డెప్ప గడ్డపార కింద పడేశాడు. "సూసినారా టీచరమ్మా? అదీ వాడి మాట!"

సరోజ పసుపునీళ్ల బిందె సర్దడం ఆపేసింది. ఆ మొహం చూడలేక నేను మిద్దె ఎక్కాను. విమలనైనా కేకేసి అడుగుదామని.

పైనుంచి చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను. మునెప్ప గోడ కొట్టాడు. శుభ్రంగా కొట్టాడు. కాకపోతే తన వీధి చివర కొట్టాడు. ఆయన వీధి ఈ వీధికి ఎదురుగా లేదు, ఒక ప్లాటు పక్కకి ఉంది. ఆయన తెరిపిలోంచి చూస్తే ఆయనకీ కనబడేది చెక్కు చెదరని అన్న గోడే. అటువైపు ఆయనా నడుం మీద చేతులు పెట్టుకుని జనంతో ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడో నాకు వినబడక్కర్లేదు.

"రెడ్డెప్పగారూ! తల లోపల పెట్టి కుడివైపు చూడండి! మునెప్పగారూ, మీరూ కుడివైపే!" అని మిద్దెమీద నుంచి బడిలో అరిచినట్టు అరిచాను.

ఇద్దరూ పెట్టారు. రెండు గోడల మధ్య ఆ జానెడు సందులో, బంతులూ బల్లులూ తప్ప ఇంకేమీ పట్టని చోట, ఈ చివర ఒక తల, ఆ చివర ఒక తల, ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"ఆడ యాల కొట్టినావురా?"

"నా వీధి ఈడుండాది."

"నా వీధి ఈడుండాది కదరా!"

"నాకెట్ల తెలస్తాది? నువ్వు సెప్పినావా?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. రెండు లేఅవుట్ల జనమూ నవ్వారు. ఇంతలో మెయిన్ రోడ్డు వైపు డప్పులు వినబడ్డాయి. రెడ్డెప్ప గోడ కూలిందన్న కబురు ఎవరో చలపతప్పకి ముందే చేరవేసినట్టున్నారు. కరగం లేఅవుట్లోకి తిరిగింది. ఇక వెనక్కి మళ్లదు.

రెడ్డెప్ప తల బయటికి తీసి తన పక్క ప్లాటు వంక చూశాడు. వీధి చివర మూల ప్లాటు, అమ్మకానికి అట్టే పెట్టుకున్నది, బండరాళ్లు పేర్చి ఉంది. ఆ ప్లాటు మీదుగా అడ్డంగా వెళ్తే మునెప్ప తెరిపి ఎదురొస్తుంది. దానికి రెడ్డెప్ప గోడే ఇంకోచోట పడాలి. ప్లాటు వీధి అయిపోవాలి. నాకు అప్పుడర్థమయింది, పుంగనూరులో సందులన్నీ అట్లా ఎందుకు ఒంగి ఉంటాయో. ఒక్కో ఒంపు దగ్గర ఎవరో ఒకరు ఇట్లాగే నిలబడి, చివరికి సరేననుకుని ఉంటారు.

"రాళ్లు తీయండప్పా" అన్నాడు రెడ్డెప్ప. అందరూ రాళ్ల మీద పడ్డారు. గోడ అవతల నుంచి మునెప్ప గొంతు, "నీ గోడ, ఈ పక్కనించి కొట్టేదా?"

రెడ్డెప్ప గడ్డపార మళ్లీ చేతికి తీసుకున్నాడు. "కొట్టు."

ఆ పక్కనుంచి ఒక గడ్డపార, ఈ పక్కనుంచి ఒక గడ్డపార. డప్పులు వీధి మధ్యకి వచ్చేసరికి ఇటుకలు ఊడాయి, మా ఇళ్ల ముందుకి వచ్చేసరికి గోడ కూలింది. చలపతప్ప ముందు నడుస్తూ, ఆ ఒంపు చూసి కనుబొమలు ఎగరేసి అటు తిరిగాడు. పూజారి తలమీద పూలు ఊగుతూ ప్లాటు మీదుగా నడిచాయి. సరోజ వాకిట్లో ఆయన కాళ్ల మీద పసుపునీళ్లు పోసింది. గోడలు దాటాక అవతల వాకిట్లో విమల పోసింది. ఇంత దగ్గరగా, ఒక్క నిమిషం తేడాతో. నేను దేవుళ్ల విషయంలో గట్టి మనిషిని కాను. అయినా చేతులు వాటంతట అవే లేచాయి.

జనం వెళ్లిపోయాక సరోజ నా చెయ్యి పట్టుకుని కూలిన చోటుకి వచ్చింది. మునెప్ప వైపు నేల పల్లం. మోకాలెత్తు దిగుడు, దానినిండా ఇటుక ముక్కలు. కాలు పెట్టబోయి ఆగింది. అవతల విమల చేతులు చాపింది గానీ అందలేదు. చీకటి పడేదాకా ఇద్దరూ అట్లాగే, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి మాట్లాడుకున్నారు. లోపలికొచ్చాక సరోజ, "మొగమయితే సూసినా, అంతే సాలు" అంది. చాల్లేదని ఆ గొంతే చెప్పింది. రెడ్డెప్ప ఆ రాత్రి మాకు ఓళిగలు, అంటే బొబ్బట్లు, వడ్డించి, వాకిట్లోకి వెళ్లి కూర్చున్నాడు.

మర్నాడు

నిద్రలేచేసరికి బయట ఇటుకల చప్పుడు. ఒక ఇటుక మీద ఇంకో ఇటుక పెడుతున్న చప్పుడు. జాతర అయిపోయింది, గోడ మళ్లీ లేస్తోందనుకున్నాను. సరోజ మంచం మీద కూర్చుని వింటోంది. తనూ అదే అనుకుంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను, కనీసం ఒక మాటైనా అనేసి పోదామని.

రెడ్డెప్ప కూలిన చోట వంగుని, తన గోడ ఇటుకలే ఏరి, దిగుడు మొదట్లో వరస పేరుస్తున్నాడు. గోడ కాదు. మెట్లు. దిగువన మునెప్ప మోకాళ్ల మీద కూర్చుని మట్టి సర్దుతున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. నేను నోరు మూసుకుని పక్కకి నిలబడ్డాను.

రెండో మెట్టుకి ఇటుక పెట్టబోతే మునెప్ప ఆ ఇటుకని చేత్తో ఆపాడు.

"మెట్లు వద్దన్నా. వాలుగా పెడ్దాం. వదినమ్మకి మోకాలు వంగదు."

రెడ్డెప్ప పెట్టిన మెట్టు తీసేశాడు. ఇటుకలు పడుకోబెట్టి, మీద మట్టి పోసి, ఇద్దరూ కాళ్లతో తొక్కారు. మట్టి గట్టిపడేదాకా తొక్కుతూనే ఉన్నారు.

సరోజ వాకిట్లోకి వచ్చి చూసింది. కర్ర కోసం కూడా ఆగలేదు. ప్లాటు మీదుగా నడిచి, వాలు దగ్గర ఒకసారి మొగుడి భుజం పట్టుకుని, దిగింది. విమల వెనక వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తి చూసింది. ఆ రోజు నేను బస్సెక్కేటప్పుడు పంపించడానికి సరోజ రాలేదు. చెల్లెలి పక్కన పీట వాల్చుకుని, చింతపండు ముందేసుకుని, "శారదా, పోయేసిరా. నేను ఇప్పుడే కదా వచ్చింది" అంది.